మేఖల భయం

పరీక్ష హాల్లోంచి మేఖల బయటికొచ్చేసరికి ఆమె చేతిలోని పెన్సిలు మొన చెక్కింది చెక్కినట్టే ఉంది. గేటు బయట స్కూటరు పక్కన నిలబడ్డ పైడిరాజు దూరం నుంచే ఆ మొన చూశాడు. మిగతా పిల్లల వేళ్లకి మసి అంటుకుని ఉంది. కొందరు జవాబులు సరిచూసుకుంటూ అరుచుకుంటున్నారు. తన కూతురి వేళ్లు మాత్రం అప్పుడే కడుక్కున్నంత శుభ్రంగా ఉన్నాయి.

"ఎంతవరకూ రాశావు తల్లీ?"

"పెన్నుతో హాల్ టికెట్ నంబరు రాశాను."

"తర్వాత?"

"తర్వాత ఏమైందో తెలీదు నాన్నా. గంట కొట్టేశారు."

మేఖల అతని మొహంలోకి చూసింది. పైడిరాజు నవ్వాడు. "పర్లేదు తల్లీ. పద, ఎండగా ఉంది" అని స్కూటరు తీశాడు. విశాఖ నుంచి భీమిలి దాకా కుడిపక్కన సముద్రం కనిపిస్తూనే ఉంది.

మేఖలకి పద్నాలుగేళ్లు. ఆమె బడి మానేసింది రెండో తరగతిలో. సూర్యుడు ఎక్కడ ఉదయిస్తాడన్న ప్రశ్నకి "సముద్రంలో" అని రాస్తే టీచరు ఎర్ర సిరాతో కొట్టేసింది. భీమిలిలో పుట్టి, రోజూ మేడ మీంచి చూస్తున్న పిల్ల మరింకేం రాస్తుంది? పైడిరాజుకి ఆ రోజు అన్నం సహించలేదు. అప్పటికతను ఓడలు కట్టే కంపెనీలో డిజైన్ ఇంజినీరు. ఆ నెలలోనే ఉద్యోగం వదిలేసి కూతురికి తనే చదువు చెప్పడం మొదలుపెట్టాడు. భార్య సుభాషిణి మెదడు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. నగరం శివార్లలో కొండ మీదున్న ప్రయోగశాలలో ఆమె పని. ఆమె జీతంతో ఇల్లు గడిచేది.

అతను చెప్పింది మంచి చదువే. దీపస్తంభం నీడ కొలిచి త్రికోణమితి నేర్పాడు. ఆటో సడన్ బ్రేకు వేస్తే జడత్వం, కుక్కరు కూత పెడితే పీడనం. చందమామని చూసి ఆటుపోట్లు లెక్కగట్టడం నేర్పితే, పదేళ్లకే మేఖల ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ల దగ్గరికి వెళ్లి "ఇవాళ నీళ్లు ఈ రాయి దాకా వస్తాయి" అని చెప్పేది. వచ్చేవి కూడా. ఇంట్లో పిల్లలకి చదువు చెప్పుకోవాలనుకునే తల్లిదండ్రులు ఎక్కడెక్కడి నుంచో మేఖలని చూడ్డానికి వచ్చేవాళ్లు. పైడిరాజుని సభలకి పిలిచేవాళ్లు. "మా ఇంట్లో మార్కుల్లేవు, కేకల్లేవు, బెత్తం లేదు" అని అతను మొదలుపెట్టగానే హాలంతా చప్పట్లు. అందులో ఒక్క అబద్ధం లేదు. పుట్టిన దగ్గర్నుంచి కూతురి మీద గొంతు పెంచి ఎరగడు.

ఆ తర్వాత ప్రభుత్వం కొత్త నిబంధన తెచ్చింది. ఇంట్లో చదువుకునే పిల్లలందరూ పద్నాలుగో ఏట సామర్థ్య పరీక్ష రాయాలి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకుని గుండ్రాలు దిద్దే పరీక్ష. తప్పితే మరొక్క అవకాశం. అదీ తప్పితే బడిలో చేరాల్సిందే. మొదటి అవకాశం ఆ చెక్కుచెదరని పెన్సిలు మొనతో పోయింది.

పైడిరాజు ఊరుకోలేదు. పాత ప్రశ్నపత్రాలు తెచ్చాడు. తెలియని ప్రశ్న దగ్గర ఆగిపోకుండా ముందుకెళ్లడం నేర్పాడు. ఖాయంగా తప్పని తెలిసిన రెండు జవాబులు ముందు కొట్టేసి, మిగిలిన రెంటి మధ్య ఆలోచించడం నేర్పాడు. ఊపిరి నెమ్మదిగా తీసి వదలడం, పదే పదే గుండ్రాలు దిద్దించడం, అన్నీ చేశాడు. ఉయ్యాల్లో కూర్చున్నప్పుడు అడిగితే మేఖల గడగడా చెప్పేసేది. కొన్నిసార్లు ప్రశ్నలోనే తప్పుందని పట్టుకునేది. అదే కాగితం బల్ల మీద పెట్టి, ఎదురుగా గడియారం పెట్టి, అతను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు, పిల్ల పెదాలు తెల్లబడిపోయేవి. పెన్సిలు కాగితానికి ఆనేది కాదు.

"దానికి రాక కాదు రాజూ, దానికంటే ముందు దాని భయం వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటోంది" అంది సుభాషిణి ఒకరోజు భోజనాల దగ్గర.

ఆ మాటే పట్టుకున్నాడతను.

సుభాషిణి బృందం కొన్నేళ్లుగా భయాన్ని మళ్లించే యంత్రం మీద పనిచేస్తోంది. తుపానులో పడవ బోల్తాపడి, రెండు రోజులు నీళ్లలో తేలి బతికిన ఎల్లాజీ అనే జాలరి మీద మొదటిసారి వాడారు. ఎల్లాజీ అలల చప్పుడు వింటే కింద పడిపోయేవాడు. వాళ్లక్క తనంతట తానే ముందుకొచ్చి తమ్ముడి భయం తీసుకుంది. ఎల్లాజీ మళ్లీ వేటకి వెళ్లాడు. అక్క సముద్రం కనపడని ఊరికి వెళ్లిపోయింది.

"ఎవరో ఒకరు తీసుకోవాలా? ఊరికే చెరిపెయ్యలేరా?" అని పైడిరాజు అప్పట్లో అడిగాడు.

"చెరిపితే మళ్లీ మొలుస్తుంది. ఎలుకల్లో చూశాం, ముందున్న దానికంటే రెట్టింపు మొలిచింది. ఇంకో మెదడులోకి దారి చూపిస్తే మాత్రం అటెళ్లి అక్కడే ఉండిపోతుంది. ఇటు మళ్లీ రాదు."

ఇప్పుడతను కంచంలో చెయ్యి పెట్టి కదపకుండా కూర్చుని అన్నాడు, "దాని భయం నాకు పెట్టు సుభా."

సుభాషిణి అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "పెద్దవాళ్ల మీద చెయ్యడానికే ప్రయోగాలకి అనుమతిచ్చే కమిటీ సవాలక్ష అడుగుతుంది. పిల్ల మీద ఎవరూ ఒప్పుకోరు."

"కమిటీని అడగొద్దు."

"రాజూ, నువ్వేమంటున్నావో తెలుస్తోందా? అది నా ఉద్యోగం. అంతకంటే ముందు అది నా కూతురు."

"నా కూతురు కూడా. ఇంకో అవకాశం పోతే ఇన్నేళ్లు కట్టిందంతా పోతుంది."

పక్క గదిలోంచి మేఖల వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఎప్పట్నుంచి వింటోందో తెలీదు. ముందు తండ్రి మొహం చూసి, తర్వాత తల్లితో అంది. "అమ్మా, తీసెయ్యి దాన్ని. నాకు కడుపులో ఎప్పుడూ ఉంటోంది. పరీక్షప్పుడే కాదు."

ఆ చివరి మాట దగ్గర సుభాషిణి కాస్త ఆగి ఆలోచించి ఉండాల్సింది. కానీ అంత బాధపడుతున్న పిల్లని చూసిన తల్లికి అప్పుడు ఆలోచన రాలేదు.

ప్రయోగశాలలో ఎవరూ ఉండని ఒక ఆదివారం పొద్దున్న ముగ్గురూ కొండెక్కారు. చిన్న గది, ఎదురెదురుగా రెండు కుర్చీలు, వాటి మీద సన్నటి తీగలల్లిన టోపీలు. సుభాషిణి ఇద్దరి తలలకీ చల్లటి జిగురు రాసి టోపీలు పెట్టింది.

"కథ నీలోకి రాదు. దడ మాత్రమే వస్తుంది. ఎల్లాజీ వాళ్లక్కకి కూడా బొమ్మలేం కనపడలేదు, ఒట్టి భయమే. నువ్వేం చూడవు" అని భర్తకి ధైర్యం చెప్పింది. ఆమె అలాగే నమ్మింది.

"నేనేం తలుచుకోవాలి?" అడిగింది మేఖల.

"పరీక్ష హాలు. గేటు దగ్గర్నుంచి మొదలుపెట్టు."

మేఖల కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆమె పెదాలు తెల్లబడ్డాయి. కాలివేళ్లు ముడుచుకున్నాయి. పైడిరాజు లేచి పట్టుకోబోయాడు, సుభాషిణి కళ్లతోనే వద్దంది. అప్పుడు మొదలైంది అతనికి. ముందు కడుపులో ఒకచోట చల్లబడింది. ఆ చల్లదనం పైకి పాకి గుండెని పిడికిట్లో పట్టుకుంది. ఎవరో వస్తున్నారు. ఎవరో తెలీదు, ఎందుకో తెలీదు, వస్తున్నారంతే. వాళ్లొచ్చేలోగా తను ఏదో చేసెయ్యాలి, అది తనవల్ల కాదు. నలభయ్యారేళ్ల మనిషి కుర్చీ చేతులు పట్టుకుని పసిపిల్లాడిలా ముడుచుకుపోయాడు.

ఎదుటి కుర్చీలో మేఖల కళ్లు తెరిచి ఆవులించింది.

"అయిపోయిందా? ఆకలేస్తోందమ్మా."

రెండో పరీక్ష రోజున గేటు బయట కారులో కూర్చుంది సుభాషిణి. పైడిరాజు రాలేకపోయాడు. మేఖల బయటికొచ్చి, ఇన్విజిలేటరు నిలబడే ఎలా కునికిపాట్లు పడ్డాడో అభినయించి చూపించింది. ఫలితాల్లో రాష్ట్రం మొత్తంలో పైవరసలో పేరొచ్చింది. ఫోన్లు, అభినందనలు. సుభాషిణి మాడుగుల హల్వా తెచ్చి వీధంతా పంచింది. ఇంటి చదువుల వాళ్లు పైడిరాజుని మళ్లీ సభకి పిలిచారు. అతను ఒంట్లో బాగాలేదన్నాడు.

బాగాలేని మాట నిజమే. కాగితం రెపరెపలాడినా, కుర్చీ గచ్చు మీద జరిగిన చప్పుడైనా ఆ పిడికిలి గుండెని పట్టుకునేది. స్కూటరు నడపడం మానేశాడు. పుస్తకం తెరిచి ఒక వాక్యం చదివేసరికి, తప్పు చదివానేమోనని మళ్లీ మొదటికెళ్లేవాడు. అయినా మొదట్లో అతనికి అదొక గర్వం. ఇంత చిన్న పిల్ల ఇంత బరువు మోసిందా, పోన్లే, ఇక నేను మోస్తున్నాను కదా అనుకునేవాడు. ఆ బరువు ఒంటి మీద పడిన ప్రతిసారీ కూతుర్ని మరింత దగ్గరగా ఎరిగినట్టుండేది.

కూతురే దగ్గరగా లేదు. అది గమనించడానికి అతనికి కొన్నాళ్లు పట్టింది.

ఇదివరకు మేఖల ఏ లెక్క చేసినా, ఏ బొమ్మ వేసినా, తలెత్తి ఒక్కసారి అతని మొహం చూసేది. ఇప్పుడు చూడ్డం లేదు. అతను గదిలోకి వచ్చినా తలెత్తదు, వెళ్లినా తలెత్తదు. పిలిస్తే పలుకుతుంది. మర్యాదగా, స్పష్టంగా పలుకుతుంది. అతనికి జ్వరమొస్తే మంచినీళ్లు, మాత్ర తెచ్చి ఇచ్చింది. రైల్లో పక్క సీటు పెద్దాయనకి ఇచ్చినట్టు ఇచ్చి, "ఇంకేమైనా కావాలా?" అని అడిగి వెళ్లిపోయింది. సాయంత్రాలు అతనితో ఒడ్డుకి రావడం మానేసింది.

"ఆటుపోట్లు చూడ్డానికి రావా తల్లీ?"

"నాకు అవంటే అంత ఇష్టం లేదు నాన్నా. నీకిష్టమని వచ్చేదాన్ని" అంది. ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పింది.

వానలు మొదలయ్యాక అతని కళ్ల ముందుకి బొమ్మలు రావడం మొదలుపెట్టాయి.

మొదటిసారి చెయ్యి కనిపించింది. మగవాడి చెయ్యి, బల్ల మీద, పెన్ను మూత పెడుతోంది. మూత పడిన టక్కుమన్న శబ్దానికి పైడిరాజుకి వెన్ను మీద చెమట కారింది. మరోసారి గుమ్మంలో ఒక మనిషి. వెనక వెలుగుండటంతో మొహం నల్లగా ఉంది. ఏమీ అనడు, నిలబడతాడంతే. ఇంకోసారి ముక్కులోంచి వదిలిన చిన్న నిట్టూర్పు, దూరంగా వెళ్లిపోతున్న చెప్పుల చప్పుడు. ఆ చప్పుడే అన్నిటికంటే భయంకరం. దేన్నో శాశ్వతంగా పోగొట్టుకున్నట్టు ఉండేది.

బొమ్మలు రావని సుభాషిణి చెప్పింది. వస్తున్నాయి. అంటే ఇవి మేఖల చూసినవి. అంటే ఎవడో ఒకడున్నాడు.

ఆ ఆలోచన వచ్చిన క్షణం నుంచీ పైడిరాజుకి నిద్రాహారాలు కరువయ్యాయి. నా కూతుర్ని ఎవడో భయపెట్టాడు. నా ఇంట్లోనే, నా కళ్లెదుటే. వాడెవడు? భార్యకి చెప్పలేదు. చెప్పే ముందు వాణ్ని పట్టుకోవాలనుకున్నాడు. పట్టుకునే దారి తన గుండెలోనే ఉంది, వాడు ఎదురుపడితే ఈ భయం తప్పకుండా గుర్తుపడుతుంది.

వెతుకులాట మొదలుపెట్టాడు. ఎదురింటాయన దగ్గరికి పేపరు అడిగే వంకతో వెళ్లి మొహంలో మొహం పెట్టి చూశాడు. ఏమీ కాలేదు. పాత బడి దగ్గర నిలబడి లోపలికెళ్లే మాస్టార్లని ఒక్కొక్కర్నీ చూశాడు. ఏమీ కాలేదు. చివరికి అనుమానమంతా కోదండపాణి మీదికి పోయింది. మేఖలకి రెండేళ్లు ఇంటికొచ్చి వయొలిన్ నేర్పిన ముసలి మాస్టారు. తలుపేసుకుని పాఠం చెప్పేవాడు. పైడిరాజు వాళ్లింటికెళ్లి, పలకరించకుండా గుమ్మంలో నిలబడి ఆయన చేతుల వంకే చూశాడు.

"రాజుగారా! రండి రండి. మా పిల్ల బాగుందా? అంత మంచి చెవి నేను మళ్లీ చూడలేదండీ" అంటూ ముసలాయన మజ్జిగ తెచ్చిచ్చాడు. గ్లాసు అందిస్తున్న ఆ చేతివేళ్లు తగిలినా పైడిరాజు గుండె కదలలేదు. సిగ్గుతో మజ్జిగ తాగి బయటపడ్డాడు.

ఇంటికొచ్చేసరికి మేఖల మేడ మీద పిట్టగోడకి ఆనుకుని సీతాఫలం తింటోంది. ఇక ఆగలేకపోయాడు.

"తల్లీ, ఒక్కమాట అడుగుతాను. భయపడకుండా చెప్పు."

"నాకు భయం లేదు కదా నాన్నా" అంది గింజ ఊసి.

"నిన్ను ఎవరో భయపెట్టారు. నాకు కనపడుతున్నాడు. పెన్ను మూత పెడతాడు. గుమ్మంలో నిలబడతాడు. నిట్టూరుస్తాడు. చెప్పులేసుకుని వెళ్లిపోతాడు. ఎవడమ్మా వాడు? పేరు చెప్పు, చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

మేఖల తినడం ఆపి అతని వైపు నిజంగా ఆశ్చర్యపోయి చూసింది.

"నువ్వే కదా నాన్నా."

పైడిరాజుకి మాట అర్థం కాలేదు.

"నేను తప్పు చెప్తే నువ్వు పర్లేదు తల్లీ అనేవాడివి. అని పెన్ను మూత పెట్టేసేవాడివి. చెప్పులేసుకుని మొక్కలకి నీళ్లు పొయ్యడానికి వెళ్లేవాడివి. నువ్వు తిరిగొచ్చేదాకా నేను ఆ చెప్పుల చప్పుడు వింటూ కూర్చునేదాన్ని. నీకు తెలీదా?"

"నేను... నేనెప్పుడూ నిన్ను ఒక్క మాట అనలేదే."

"అనలేదు. అందుకే ఎదురు చెప్పడానికి నాకేమీ ఉండేది కాదు." గుర్తుతెచ్చుకుంటున్నట్టు అంది, "నువ్వు ఉద్యోగం నాకోసం మానేశావని అందరూ అనేవాళ్లు. నన్ను చూడ్డానికి వచ్చేవాళ్లు. నేను తప్పు రాస్తే నువ్వు చేసిందంతా తప్పయిపోతుంది కదా. అందుకని ఏమీ రాయకపోతే నయమనిపించేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కానీ అప్పుడు అలాగే ఉండేది."

మిగిలిన సీతాఫలం ముక్క అతనికి ఇవ్వబోయింది. అతను తీసుకోలేదు. ఆమె తినేసి కిందికి దిగి వెళ్లిపోయింది.

పైడిరాజు చాలాసేపటికి లేచి కిందికొచ్చి, వాష్ బేసిన్ దగ్గర అద్దంలోకి చూశాడు. గుమ్మంలోంచి వస్తున్న వెలుగుకి అద్దంలో మొహం నల్లగా కనపడింది. గుండె పిడికిట్లో చిక్కుకుంది. ఎల్లాజీ అలలకి ఎలా పడిపోయేవాడో అలాగే బేసిన్ కింద తడి గచ్చు మీద పడిపోయాడు.

ఆ రోజు నుంచి గడ్డం చేసుకోవడం మానేశాడు. సంగతంతా విని సుభాషిణి ఇంట్లో అద్దాలన్నీ తీసేసింది. అయినా గుమ్మంలో నిలబడే ఆ మనిషి తనలోనే ఉన్నాడు కదా. నిట్టూరిస్తే ఆ నిట్టూర్పుకే బెదిరిపోయేవాడు. చెప్పులేసుకుని నడిస్తే ఆ చప్పుడుకే ఒళ్లు జలదరించేది. ఇంట్లో వట్టికాళ్లతో, ఊపిరి బిగబట్టి తిరిగేవాడు. భోజనాల దగ్గర తన గొంతు తనకి వినపడకుండా ఉండాలని మాట్లాడ్డం తగ్గించేశాడు.

సుభాషిణి తండ్రీకూతుళ్లిద్దరికీ మళ్లీ మెదడు పరీక్షలు చేసింది. ఫలితాలు వచ్చిన రోజు ఇంటికి రాగానే చేతిసంచి కూడా దించకుండా భర్త ఎదురుగా కూర్చుంది.

"నేను పొరబడ్డాను రాజూ. భయం ఒక్కటే ఒకచోట విడిగా ఉంటుందనుకున్నాం. పడవ భయం అలా ఉండొచ్చు. దీనిది అలా కాదు. నువ్వంటే భయం, నువ్వంటే ప్రేమ, దాని మెదడులో రెండూ ఒకే ముడి. నేను ముడి మొత్తం పీకేశాను. నీ అడుగుల చప్పుడు వింటే ఇదివరకు దాని మెదడంతా వెలిగేది. ఇప్పుడు అక్కడ చీకటి."

"మళ్లీ రాదా?"

"వెనక్కి మళ్లించవచ్చు. నీలో ఇంకా పూర్తిగా వేళ్లూనలేదు. కానీ త్వరగా తేల్చుకోవాలి. ఈ నెల దాటితే ఊడిరాదు." ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "మళ్లిస్తే రెండూ వెళ్తాయి. భయమూ వెళ్తుంది, ఆ ప్రేమా వెళ్తుంది. నీకు నయమైపోతుంది. అది మళ్లీ నీ మొహం చూస్తుంది."

మళ్లీ నీ మొహం చూస్తుంది. ఆ మాట అతన్ని ఎన్ని రోజులు తినేసిందో అతనికే తెలియాలి. లెక్క మధ్యలో తలెత్తి చూసే ఆ కళ్లు గుర్తొచ్చేవి. ఎంత ముద్దుగా చూసేదో అనుకునేవాడు ఇన్నేళ్లూ. ఇప్పుడతనికి ఆ చూపు లోపలివైపు నుంచి కూడా తెలుసు. ఆ క్షణంలో కడుపు ఎలా చల్లబడుతుందో, ఎదుటి మొహంలో కనుబొమ అర అంగుళం కదిలితే ఎలా ఉంటుందో తెలుసు. తన గదిలో, వాన చప్పుడులో, అతను మొదటిసారి గట్టిగా ఏడ్చాడు.

మేఖలని సుభాషిణే అడిగింది. ముగ్గురూ వసారాలో కూర్చున్నారు. మేఖల అంతా విని, తండ్రిని కాసేపు పరిశీలనగా చూసింది. పెరిగిన గడ్డం, లోతుకు పోయిన కళ్లు.

"నాకు మళ్లీ కావాలని లేదు. కానీ నాన్నకి నయమవుతుందంటే తీసుకుంటాను. ఫర్వాలేదు, ఇదివరకు ఉన్నదే కదా. నాన్నా, నాకు నీ మీద కోపమేం లేదు. నిజంగా." ఇంకేదో మాట కోసం వెతికి, దొరక్క, నిజాయితీగా చెప్పింది. "ఏమీ లేదు."

పైడిరాజు తల అడ్డంగా ఊపాడు. వీలైనంత మెల్లగా అన్నాడు. "వద్దు సుభా. నాదగ్గరే ఉండనీ."

సుభాషిణి మర్నాడు తను చేసింది దాచకుండా కమిటీకి చెప్పేసింది. ఆమెని ఆ పని నుంచి తప్పించి, యంత్రాన్ని ఆపేశారు. నెల దాటిపోయింది.

ఇంకో విచిత్రం కూడా జరిగింది. ఇంట్లో చదువుకునే హక్కు గెలిచిన మేఖల, ఊళ్లో హైస్కూల్లో చేరతానంది. "అక్కడ వాలీబాల్ ఉంది. నేను ఎగిరితే బాగా కొట్టగలనని పీటీ మేడమ్ అంది." పైడిరాజు సరే అన్నాడు. చేరిన మొదటి నెల లెక్కల్లో తప్పులు చేసి, సున్నాలు తెచ్చుకుని, వాటిని చూసి నవ్వుకుంటూ తనంతట తానే దిద్దుకుంది. ఎవరికీ చూపించలేదు. ఎవరి దగ్గరా దాచనూ లేదు.

ఒకరోజు ఆమె బూట్ల లేసులు కట్టుకుంటుంటే పైడిరాజు గోడ పక్కనుంచి అడిగాడు. ఈ లోకంలో అతనికి ఆ మాట అడగడానికి ఇంకో మనిషి లేదు.

"ఇది వచ్చినప్పుడు నువ్వు ఎలా తట్టుకునేదానివి తల్లీ?"

మేఖల లేసు వదిలేసి ఆలోచించింది. "నా మంచం కిందకి దూరేదాన్ని. గోడకి వీపు ఆనించి పడుకుంటే చల్లగా ఉండేది. కాసేపటికి తగ్గేది. మీరెప్పుడూ చూడలేదు."

కార్తీకంలో ఒక మధ్యాహ్నం, సుభాషిణి ఇంట్లో లేనప్పుడు, కొరియర్ కుర్రాడు తలుపు గట్టిగా బాదాడు. కాగితం మీద సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టింది తన చెయ్యే. టక్కుమంది. పైడిరాజు తలుపెలా వేశాడో, కూతురి గదిలోకి ఎలా వెళ్లాడో అతనికి తెలీదు. ఆరడుగుల మనిషి మోకాళ్లు ముడుచుకుని మంచం కిందకి దూరాడు. దుమ్ము, పాత క్రేయాన్ల వాసన. ఊపిరి అందడం లేదు. ఈ ఇరుకులోకి పిల్ల ఎన్నిసార్లు దూరిందో, పక్క గదిలో తను సభకి మాటలు సిద్ధం చేసుకుంటుంటే ఎన్నిసార్లు ఇలాగే గుడ్లు తేలేసి పడుకుందో.

వసారాలో అడుగుల చప్పుడైంది. వాడే వస్తున్నాడు. అతని ఒళ్లంతా అదే అంది. పైడిరాజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అడుగులు మంచం దగ్గరికొచ్చి ఆగాయి. బురద అంటిన వాలీబాల్ బూట్లు. మేఖల వంగి, తలకిందులుగా మొహం పెట్టి చూసింది.

"అక్కడ కాదు. ఇంకా మూలకి వెళ్లాలి. అక్కడైతేనే చల్లగా ఉంటుంది."

అతను కదల్లేకపోయాడు. దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి. మేఖల అతన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది. చాలాకాలం కిందట తను వదిలేసి వెళ్లిన చోటు ఇప్పుడెలా ఉందో చూస్తున్నట్టుంది ఆ చూపు. వెళ్లిపోతుందనుకున్నాడు. బూట్లు విప్పిన చప్పుడైంది. తర్వాత రెండు చేతులు, ఒక భుజం, చెమట పట్టిన జడ మంచం కిందకి వచ్చాయి.

"కొంచెం జరుగు నాన్నా" అంది.

అతను జరిగాడు.